కొండలలో విలుపందెం

పిల్లలూ! సోహార్‌లో మేడమీద నిలబడి పడమటి దిక్కుకు చూస్తే దూరాన బూడిదరంగు కొండల వరుస ఒకటి కనబడుతుంది. అవి హజర్ పర్వతాలు. తూర్పున సముద్రం, పడమట ఆ కొండలు. నడుమ బాతినా మైదానంలో మన ఊరు ఉన్నది. ఆ కొండలమీద చెట్టూ చేమా తక్కువ. కాని వాటి కడుపులో రాగి ఉన్నది. నాలుగువేల యేండ్లకు పూర్వమే ఇక్కడివారు ఆ రాగిని త్రవ్వి, కరగించి, పడవలమీద దూరదేశాలకు పంపేవారు. రాగికి తగరం కలిపితే కంచు అవుతుందని మీరు సామాన్యశాస్త్రంలో చదువుకొనే ఉంటారు.

ఆ కంచుతో ఒకనాడు ఈ దేశంలో విండ్లు చేశారు! ఒమాన్ నడిమి భాగంలో ఆదమ్ అనే ఊరు ఉన్నది. అక్కడ కొండలు ముగిసి ఎడారి మొదలవుతుంది. ఆ ఊరి దగ్గరి ముద్మార్ కొండ చెంత ఫ్రెంచి పురాతత్త్వ శాస్త్రజ్ఞులు త్రవ్వకాలు జరిపారు. అక్కడ దొరికిన వస్తువులను గురించి 2016లో లోకానికి తెలిసింది. అయిదు కంచు విండ్లు, రెండు కంచు అమ్ములపొదులు, వాటిలో బాణాలు, ఇంకా గొడ్డండ్లు, బాకులు దొరికాయి. అవి క్రీ. పూ. 900 - 600 సంవత్సరాల నడిమి కాలానివి. ఒక్కొక్క విల్లు సుమారు 70 సెంటీమీటర్లు ఉన్నది. అమ్ములపొది 35 సెంటీమీటర్లే!

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. విల్లు వంగాలి, వంగినది తిరిగి నిక్కాలి. అప్పుడే గదా బాణం ముందుకు దూకుతుంది! పోతపోసిన కంచు ఆ విధంగా వంగదు. అంటే, ఈ విండ్లతో ఎవరూ ఎన్నడూ ఒక్క బాణమైనా వేయలేదు. మరి ఎందుకు చేశారు? దేవతకు మ్రొక్కుబడిగానో, పూజలోనో, ఉత్సవంలోనో పెట్టడానికి చేసి ఉంటారని శాస్త్రజ్ఞుల ఊహ. వేటకూ యుద్ధానికీ పనికివచ్చే విల్లు వారికి వేరుగా ఉండే ఉంటుంది. ఆ పనితో తృప్తిపడక, పనికిరాని విల్లును కూడా శ్రమపడి చేసుకొన్నారు. మనుషులకు విల్లంటే అంత మక్కువ ఎందుకు?

ఆ మక్కువ మన మాటలలోనూ దాగి ఉన్నది. తెలుగులో వింటికి కట్టిన త్రాడును నారి అంటాము, అల్లెత్రాడు అని కూడా అంటాము. బాణాన్ని అమ్ము అనీ, అంబు అనీ అంటాము. విల్లును, అంబును కలిపి విల్లంబులు అంటాము. బాణం తగులవలసిన చోటు గురి. ఈనాడు మనలో విల్లు పట్టినవారు ఎందరు? అయినా, ‘ఆ వైద్యునిమీద మా అమ్మమ్మకు గురి’ అంటాము. ‘ఈ మందు రామబాణం’ అంటాము. పత్రికలవారు ‘విమర్శలు ఎక్కుపెట్టారు’ అని వ్రాస్తారు. ఎక్కుపెట్టడమంటే మొదట వింటి కొప్పుకు నారి తగిలించడమే. చేతిలోనుండి విల్లు జారిపోయినా నాలుకమీద నిలిచి ఉన్నది!

మన తూర్పు కనుమలలో మాత్రం విల్లు మొన్నమొన్నటి దాకా చేతిలోనే ఉండేది. కోయలు, కొండరెడ్లు, సవరలు వెదురుతో విండ్లు చేసుకొనేవారు. అల్లూరి సీతారామరాజు వెంట 1922లో నడిచిన మన్యంవీరులకు చిన్ననాటినుండి తెలిసిన ఆయుధం అదే. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలమీద పడి తుపాకులు పట్టుకొనిపోయింది ఆ తరువాతి మాట. పాడేరు, అరకు ప్రాంతాలలో చైత్రమాసంలో ఇటుకల పండుగ చేస్తారు. ఆ రోజులలో మగవారు విల్లంబులు, బరిసెలు పట్టుకొని అడవికి వేటకు పోయేవారు. ఆడవారు దారికి అడ్డంగా కర్ర కట్టి, వచ్చేపోయేవారిని ఆపి, పాటలు పాడి, పండుగ డబ్బులు అడిగేవారు. వట్టిచేతులతో తిరిగివచ్చిన వేటగానికి ఊరిలో ఎగతాళి తప్పేది కాదు.

1972లో మనదేశంలో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చింది. అడవి మృగాలను వేటాడడం నేరమైనది. ఇది మంచి చట్టమే. వేట సాగుతూపోతే అడవిలో జింక మిగలదు. కాని వేటతో ముడిపడిన పండుగలో విల్లు ఏమి చేయాలి? దాన్ని దూలానికి వ్రేలాడదీసి మరచిపోవాలా? కంచు విల్లులా పూజకు మాత్రం పెట్టుకోవాలా?

ఈ చిక్కును ఆటతో విప్పుకొన్న దేశం ఒకటి ఉన్నది. అది హిమాలయాలలోని భూటాన్. ఒమాన్‌లో ఎత్తైన జబల్ షమ్స్ సుమారు 3,000 మీటర్లు. భూటాన్ రాజధాని థింఫూ నగరమే 2,300 మీటర్ల ఎత్తున ఉన్నది! ఆ నగరంలో చాంగ్లిమిథాంగ్ క్రీడారంగం ప్రక్కన విలుపందెం మైదానం ఉన్నది. పల్లెలలోనైతే పొలాల ప్రక్కనో ఏటి ఒడ్డుననో చదునైన నేల చూచుకొంటారు. మనదేశంలో గల్లీగల్లీకీ క్రికెట్ ఉన్నట్లు అక్కడ ఊరూరా విలుపందెం ఉంటుంది. వారి భాషలో ‘ద’ అంటే బాణం. ఆటపేరు దత్సే. 1971లో భూటాన్ ఐక్యరాజ్యసమితిలో చేరింది. ఆ యేడే దీనిని తమ జాతీయ క్రీడగా ప్రకటించుకొన్నది.

మీరు ఆ పందెం చూడబోయారనుకోండి. మొదట మీకు గురిబల్ల ఎక్కడ ఉన్నదో కనబడదు! విలుకాడు ఒకచోట నిలబడి ఉంటాడు. బల్ల ఉన్నది అతనికి సుమారు 145 మీటర్ల దూరంలో. ఫుట్‌బాల్ మైదానం పొడవు సుమారు 105 మీటర్లు. దానికి మరో 40 మీటర్లు చేర్చుకోండి. ఒలింపిక్ క్రీడలలో 70 మీటర్ల దూరానికే బాణాలు వేస్తారు. అక్కడి గురిచక్రం 122 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. భూటాన్‌లో దూరం రెండింతలు. బల్ల వెడల్పు జానెడున్నర కూడా ఉండదు, సుమారు 28 సెంటీమీటర్లు. ఎత్తు మూడడుగులు. దానిమీద రంగురంగుల బొమ్మలు వేసి, నడుమ చుక్క పెడతారు. ఆ చుక్కపేరు ‘కారే’.

ఇది ఎంత చిన్న గురియో తెలియాలంటే ఒక పని చేయండి. నల్లబల్లమీద ఒక సెంటీమీటరు వెడల్పుగా నిలువుగీత గీయండి. అయిదు మీటర్ల దూరం కొలిచి, అక్కడ నిలబడి దానిని చూడండి. 145 మీటర్ల నుండి ఆ బల్ల వెడల్పు మీ కంటికి అంతే!

బాణం ప్రయాణాన్ని కూడా లెక్క వేద్దాము. బాణం సెకనుకు 50 మీటర్ల వేగంతో వింటిని విడిచిందనుకోండి. గాలి అడ్డు లేదనుకొంటే 145 మీటర్లు పోవడానికి దానికి ఇంచుమించు మూడు సెకన్లు పడుతుంది. అంత సేపూ భూమి దానిని క్రిందికి లాగుతూనే ఉంటుంది. కాబట్టి బల్లవైపు నేరుగా వేస్తే బాణం సగందారిలోనే నేలను గ్రుచ్చుకొంటుంది. విలుకాడు ఆకాశంలోకి ఎత్తి వేయాలి. మన లెక్కప్రకారం బాణం నడిమి దారిలో పదకొండు మీటర్ల ఎత్తుకు, అంటే మూడంతస్తుల మేడకంటె ఎత్తుకు లేచి దిగివస్తుంది. అంటే విలుకాడు గురిచూచేది బల్లను కాదు, బల్లకు పైనున్న ఏదో శూన్యాన్ని! ద్రోణాచార్యుడు పెట్టిన పరీక్షలో అర్జునునికి పక్షి కన్ను తప్ప ఏమీ కనబడలేదు గదా! ఈ విలుకానికి ఆ ఒక్క చుక్కే కనబడితే చాలదు. కొండలోయలో గాలి ఎటు వీస్తున్నదో, గుడ్డపీలిక ఎటు ఊగుతున్నదో అన్నీ చూడాలి.

ఒంటరిగా ఇది సాధ్యం కాదు. అందుకే అతని జట్టువారు కొందరు గురిబల్ల దగ్గరకు పోయి నిలబడతారు. అవును, బల్ల ప్రక్కనే! బాణం ఎడమకు పోయిందో, కుడికి పోయిందో, ముందే దిగబడిందో అక్కడినుండి కేకలువేసి, చేతులు ఊపి చెబుతారు. బాణం మీదికి వస్తే చటుక్కున తప్పుకొంటారు. చూడవచ్చినవారికి ఆ దృశ్యం ఒళ్ళు జలదరింపజేస్తుంది. ఇది ప్రమాదంలేని ఆట కాదు. దెబ్బలు తగిలిన సందర్భాలూ ఉన్నాయి. చూడబోయినవారు మైదానం హద్దు దాటకుండా దూరంగా నిలబడడం మేలు.

ఎదుటి జట్టువారు ఊరకే ఉండరు. విలుకాడు నారి లాగుతుండగా అతనిని వెక్కిరిస్తారు. అతని కన్ను, అతని చేయి, అతని తిండి దేనినీ వదలరు. ఊరి ఆడవారు ఒక వరుసగా నిలబడి పాడుతూ, ఆడుతూ తమవారిని పొగడుతారు, పైవారిని ఆటపట్టిస్తారు. విలుకాడు ఇవన్నీ వింటూనే నిలకడగా నిలబడాలి. ఇటుకల పండుగలో వట్టిచేతులతో వచ్చినవానికి జరిగే మర్యాద మీకు గుర్తుకు వచ్చిందా? నాకైతే వచ్చింది.

బాణం బల్లకు తగిలిందో, అప్పుడు చూడాలి సంబరం! బల్ల దగ్గరివారు చేతులు పైకెత్తి, గుండ్రంగా తిరుగుతూ పాడి ఆడుతారు. తగిలించినవానికి ఒక రంగుగుడ్డ ఇస్తారు. అతడు దానిని నడుముకట్టులో దోపుకొంటాడు. ‘ఘో’ అనే మోకాళ్ళదాకా వచ్చే అంగరఖా వారి ఉడుపు. సాయంకాలానికి ఎవరి నడుమున ఎన్ని రంగులు వ్రేలాడుతున్నాయో చూస్తే చాలు. అంకెల పట్టిక అవసరం లేదు. ఒక్కొక్కడు రెండేసి బాణాలు వేస్తాడు. అందరూ వేసిన తరువాత జట్లు రెండూ ఆవలి కొసకు నడచిపోయి, అక్కడినుండి ఈవలి బల్లకు వేస్తాయి. నడిమి చుక్కకు ఎక్కువ గుణాలు, బల్లకు తగిలితే కొంత తక్కువ. తగలకపోయినా, బల్లకు బాణమంత దూరంలో దిగబడితే దానికీ కొంత ఫలితం ఉన్నది. మొదట 25 గుణాలు చేరినవారిది గెలుపు. ఇటునుండి అటు, అటునుండి ఇటు నడుస్తూ ప్రొద్దు గడచిపోతుంది. తొందరగా ముగించాలని ఎవరికీ ఉండదు.

పాతకాలపు విల్లు ప్రత్యేకమైన వెదురుతో చేసినది. రెండు బద్దలను నడుమ జతచేసి కట్టుతారు. బాణమూ వెదురుదే, తోకకు ఈకలు ఉంటాయి. పల్లెలలో పందేనికి ముందు జ్యోతిష్కునితో సంప్రదించి, ముందురోజు రాత్రి జట్టంతా ఇల్లు విడిచి ఒకచోట నిద్రచేసే ఆచారం ఉన్నది. ఆడవారు వింటిని ముట్టుకోరాదనే కట్టడి కూడా ఉండేది.

ఆ కట్టడి సంగతి వినండి. 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలకు భూటాన్ మొదటిసారి ఆటగాండ్రను పంపింది. అందరూ విలుకాండ్రే. ముగ్గురు పురుషులు, ముగ్గురు స్త్రీలు! పల్లెలో పాటకే పరిమితమైన ఆడవారు లోకమంతా చూస్తుండగా విల్లు ఎత్తారు. ఆ తరువాత కర్మ అనే యువతి, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కు, ప్రత్యేక ఆహ్వానం మీద కాక, పోటీలో అర్హత సంపాదించుకొని వెళ్ళింది. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో విలువిద్యలో మూడు బంగారు పతకాలు తెచ్చిన సంగతి మీలో కొందరు వినే ఉంటారు.

జ్యోతి సురేఖ పట్టేది కాంపౌండ్ విల్లు. దానికి కొసలలో కప్పీలు ఉంటాయి. లాగేటప్పుడు బరువు చివరికి తగ్గిపోతుంది. బాణం చాలా వేగంగా పోతుంది. ఆ విల్లు ఇప్పుడు భూటాన్ మైదానాలకూ వచ్చి చేరింది. ధర చాలా ఎక్కువైనా మోజు తగ్గలేదు. వేగం పెరిగినకొద్దీ బల్ల ప్రక్కన నిలబడినవారు తప్పుకొనే వ్యవధి తగ్గుతుంది. వెదురు వింటికి, దానికి పోటీ సమానం కాదు గనుక వెదురు విండ్ల పందేలు వేరుగా నడుపుతున్నారు. వెదురు నరికి, ఎండబెట్టి, సరిచూచి వంచే పనివారు ఉన్నంతవరకు ఆ పందేలు సాగుతాయి.