కొండబాటల మీద పాత మోటార్లు

మోటారు పందెమనగానే మనలో అనేకుల మనస్సున మెదలునది వేగము. చెవులు చిల్లులు పడు రొద, ఒకరినొకరు మించిపోవలెనను ఆతురత, చివరకు ఒక్కరికే దక్కు కప్పు, తక్కిన వారందరికిని నిట్టూర్పు. అట్టి పందెముల సంగతి వ్రాయుటకు నేను కలము పట్టలేదు. ఇంగ్లండు దేశమున నూటయిరువది సంవత్సరములకు పూర్వము పుట్టి, నేటికిని సాగుచున్న మరియొక విధమగు మోటారు వినోదము కలదు. అందు వేగమునకంత విలువ లేదు. సర్వప్రథములను మాటయే లేదు. పాల్గొనువారు జీతమునకు బండి తోలువారు కారు. వారములో అయిదు దినములు తమ తమ ఉద్యోగములు చేసికొని, ఆరవనాటి రాత్రి ఇంటి కొట్టములో భద్రముగా దాచుకొన్న పాత కారును బయటకు తీయు గృహస్థులు. వారి ప్రక్కన కూర్చుండునది పెక్కుమారులు భార్యయో, కుమార్తెయో, అక్కయో. ఆమె ఊరక కూర్చుండి చెట్లను చూచు ప్రయాణికురాలు కాదు. ఆ ప్రక్క యాసనమును గూర్చియే సోదరీమణులకు కొంత విన్నవింపదలచితిని.

ఈ వినోదమును ఆంగ్లేయులు ట్రయలందురు. పరీక్ష యని మన మనుకొనవచ్చును. దీని మూలము తెలియవలెనన్న, మోటారు బండిని జనులు నమ్మని కాలమునకు పోవలెను. 1896వ సంవత్సరము వరకు ఆ దేశమున యంత్రపు బండి గంటకు 4 మైళ్లకు మించి పోరాదనియు, దానికి ముందు ఒక మనుష్యుడు కాలినడకను పోవుచుండవలెననియు శాసనముండెను. నడచువాని వెనుక నడచు బండికై ధనము పోయు వెఱ్ఱివారెందరుందురు? ఆ నిర్బంధము తొలగిన పిమ్మటను బండ్లు నట్టనడి త్రోవలో నిలిచిపోవుట నిత్యకృత్యముగా నుండెను. ఈ అపనమ్మకమును పోగొట్టుటకై 1900వ సంవత్సరము ఏప్రిలు, మే మాసములలో అచ్చటి ఆటోమొబైల్ క్లబ్బువారు లండను నుండి ఎడింబరోకు పోయి మరల వచ్చునట్లు వేయి మైళ్ల పరీక్షను ఏర్పాటుచేసిరి. మోటారు బండి యనునది యెట్లుండునో ఆ దారి ప్రక్క నిలిచి మొట్టమొదట కన్నులార చూచినవారు అసంఖ్యాకులు. అందు బంగారు పతకము నందిన ఛార్లెస్ రోల్సు పేరు నేటికిని కార్ల ముందు భాగమున మెరయుచున్నది. అదే పరీక్షలో తన బెంజి బండిని తానే నడిపిన శ్రీమతి లూయిస్ బాజల్‌గెట్ పేరు ఎందరికి తెలియును? అందు స్వయముగా బండి నడిపిన స్త్రీ యామె యొక్కతెయే.

1901వ సంవత్సరమున మోటారు సైకిళ్ల యందు అభిమానము గలవారు కొందరు కూడి మోటార్ సైక్లింగ్ క్లబ్బును స్థాపించిరి. వీరు 1904లో లండను నుండి ఎడింబరోకు 24 గంటలలో చేరవలెనను పరీక్షను పెట్టిరి. దూరము సుమారు 400 మైళ్లు. నాటి శాసనము ప్రకారము గంటకు 20 మైళ్లకు మించి పోరాదు. లెక్క వేసి చూడుడు: ఎచ్చటను నిలువక, శాసనమును మీరక పోయినను 20 గంటలు పట్టును. తిండికి, టైరు పగిలినచో అతుకు వేయుటకు, దారి తప్పినచో మరల వెదకికొనుటకు మిగిలినవి నాలుగే గంటలు! 1908లో ఇంగ్లండు నైరృతి కొసయగు లాండ్స్ ఎండు పరీక్షయు, 1910లో ఎక్సిటరు పరీక్షయు వచ్చినవి. ఈ మూడింటికిని క్లాసికులని పేరు. రెండు ప్రపంచ యుద్ధముల కాలమున ఆగినను ఇవి మరల మొలకెత్తినవి. ఎక్సిటరు జనవరి చలిలో, లాండ్స్ ఎండు ఈస్టరు పండుగ దినములలో, ఎడింబరో శరత్కాలమున జరుగును. ఎడింబరో పరీక్ష ఎడింబరోకు పోవుట మానివేసి చాల కాలమైనది. డెర్బీషైరు కొండలలోనే తిరుగును. అయినను పేరు మార్చుటకు వారికి మనసొప్పలేదు. మన ఊళ్లలో చెరువు పూడిపోయినను చెరువుగట్టు వీధి యనుట లేదా?

ఇక పరీక్ష యెట్లుండునో చెప్పెదను. సాయంకాలము బండ్లన్నిటిని తనిఖీ చేసి, రాత్రివేళ నిమిషమున కొకటి చొప్పున పంపుదురు. మోటారు సైకిళ్లు, మూడు చక్రముల బండ్లు, కార్లు అన్నియు ఒకే దారిని పోవును. చీకటిలో సన్నని పల్లెదారులు, నడుమ నడుమ కొండబాటలు. ఈ బాటలు రోడ్లు కావు. పూర్వము గుఱ్ఱపు బండ్లును, గొఱ్ఱెల మందలును నడచిన రాళ్లదారులు, బురదదారులు. క్రింద మొదలను పలక, పైన ముగింపను పలక నాటియుండును. ఈ రెండింటి నడుమ బండి ఒక్క క్షణమైనను ముందునకు సాగుట మానరాదు. నిలిచెనా, ఆ కొండ తప్పినట్లే. అన్ని కొండలును ఎక్కినవారికి బంగారు బహుమతి, ఒకటి తప్పినచో వెండి, రెండు తప్పినచో కంచు. నూరుగురు ఎక్కినచో నూరుగురికిని బంగారమే. ఒకే సంవత్సరమున మూడు క్లాసికులందును బంగారము పొందినవారికి వేరుగా మరియొక గౌరవము కలదు. ప్రక్కవాడు ఓడిన గాని తాను గెలువడను నియమము లేకపోవుటచే కాబోలు, ఒకని బండి చెడినచో తరువాత వచ్చువాడు తన పనిముట్ల పెట్టె తెరచి సాయపడుట ఇచ్చట ఆచారమైనది. నాకీ పద్ధతి మిక్కిలి నచ్చినది.

కొండలకు పేర్లును చిత్రములే. డెవను మండలములో లింటను గ్రామమునకు సమీపమున బెగ్గర్స్ రూస్టను బాట కలదు; బిచ్చగాని మకామని చెప్పవచ్చును. నాలుగడుగులు సాగునంతలో అడుగునకు మించి పైకి లేచు ఎక్కుడది. కొన్ని బాటల నట్టనడుమ ఒక గీత గీసి, అచ్చట బండిని పూర్తిగా నిలిపి, వెనుకకు జారకుండ మరల కదలింపవలెనని శాసింతురు. ఇదియే అన్నిటికన్న కష్టము. క్లచ్చును తొందరగా వదలినచో చక్రము గిరగిర తిరిగి బురద చిమ్మును గాని బండి కదలదు. ఆలస్యముగా వదలినచో ఇంజను ఊపిరి విడుచును.

ఇచ్చటనే ప్రక్క యాసనము పని. ఏటవాలు తడిరాతి మీద శక్తి యెంత యున్నను చాలదు. చక్రము నేలను పట్టవలెను. పట్టుటకు బరువు కావలెను. మన ఎడ్లబండి ఎగువ ఎక్కునప్పుడు కాడి పైకి లేవకుండ బండివాడు “కొంచెము ముందుకు జరుగుడమ్మా” యనుట మనమెరుగుదుమే. ఇచ్చట వెనుక చక్రములు బండిని త్రోయును గాన బరువు వెనుకకు పోవలెను. ప్రక్కన కూర్చున్నామె పట్టుకొమ్మిని బిగించి పట్టి, చక్రము జారుట ఆరంభింపగానే ఆసనము మీద ఎగిరెగిరి కూలబడుచుండును. ఆ అదటు చక్రమునకు తగిలి, టైరు రాతిని కరచును. ఎప్పుడు ఎగురవలెనో, ఎప్పుడు కదలక యుండవలెనో నడుపువారు చెప్పునంత వ్యవధి లేదు. ఇంజను గొంతు విని ఆమె తానే గ్రహింపవలెను. తాళము తప్పిన మృదంగము వలె, వేళ తప్పిన ఎగురుట ఉన్న పట్టును చెడగొట్టును.

ఆమె పని ఇంతటితో తీరదు. రాత్రి యంతయు చిన్న దీపపు వెలుగున దారిచీటీ చదువునది ఆమెయే. ఇన్ని మైళ్లకు ఎడమ, శిలువ దిబ్బ యొద్ద కుడి, వంతెన దాటగానే మరల ఎడమ అని చెప్పుచుండవలెను. ఒక్క మలుపు తప్పినచో అరగంట పోవును. కొండ పాదమున దిగి టైర్లలోని గాలి కొంత విడువవలెను. మెత్తబడిన టైరు రాళ్లను హత్తుకొనును. కొన్ని బాటలలో ఇంతకు తక్కువ గాలి యుండరాదని కట్టడి కలదు. ఎక్కిన పిమ్మట మరల గాలి కొట్టవలెను. నాలుగు చక్రములకును బలము నిచ్చు బండ్లను, రెండు వెనుక చక్రములను బిగించి ఒక్కటిగా తిప్పు ఉపాయములను వీరు అనుమతింపరు. యంత్రమునకు సంకెల వేసి, మనుష్యుల నేర్పునకు చోటిచ్చుటయే వీరి అభిమతము.

ప్రక్కన కూర్చున్న స్త్రీ యొకతె చరిత్రనే మలచినది. హేజల్ విలియమ్స్ అను యువతి తలిదండ్రుల ఇంటి వెనుకనున్న కొట్టములో కాలిన్ చాప్‌మన్ అను యువకుడు ఒక పాత ఆస్టిన్ సెవెను కారును విప్పి, ట్రయళ్లకు తగినట్లు మరల కట్టెను. కట్టుటలో ఆమెయు చేయి కలిపెను; 1948లో అది సిద్ధము కాగా పరీక్షలలో అతని ప్రక్కన కూర్చుండెను. లోటస్ అను పేరు పెట్టిన మొట్టమొదటి కారదియే. 1952లో వ్యాపారము స్థాపించుటకు ఆమె యిచ్చిన 25 పౌనులే పెట్టుబడి. 1954లో వారు వివాహమాడిరి. ఆ లోటస్ కార్లు తరువాత ప్రపంచ విజేతలైనవి. హేజల్ చాప్‌మన్ 2021లో దివంగతురాలయ్యెను. బాజల్‌గెట్ వలె ఈమె పేరును చాల పుస్తకములలో క్లుప్తముగనే కానవచ్చును.

స్త్రీలు ప్రక్కన మాత్రమే కూర్చుండిరనుకొనరాదు. 1927లో ఇంగ్లండులో జరిగిన అంతర్జాతీయ ఆరు దినముల మోటారు సైకిలు పరీక్షలో మార్జరీ కాటిల్, ఈడిత్ ఫోలీ, లూయీ మెక్లీన్ అను మువ్వురు స్త్రీలు తమ దేశము పక్షమున నిలిచి వెండి కలశమును గెలిచిరి. ఆ దినములలో స్త్రీ మోటారు సైకిలెక్కుటయే వింతగా చూడబడుచుండెను.

నేడీ పరీక్షలలో కానవచ్చు బండ్లను చూచిన ముచ్చట వేయును. 1922 మొదలు 1939 వరకు తయారైన ఆస్టిన్ సెవెన్లు. కేవలము ట్రయళ్లకై కట్టబడిన డెల్లోలు, డెలింగ్‌పోల్, లో అను ఇరువురి పేర్లు కలిపి పెట్టిన నామమది. ఇంజను వెనుకనుండుటచే సహజముగనే చక్రము మీద బరువు గల ఫోక్స్‌వాగన్ బీటిల్లు. ఈ బీటిలు గుండ్రని రూపము కొండబాటకు తగినదని చూచువారికి తోచకపోవచ్చును గాని, ఎక్కుటలో అది గడుసుది. పాత బండికి విడిభాగము అంగడిలో దొరకదు. ఒకరి పెరటిలోని తుప్పుపట్టిన గేరుపెట్టె మరియొకరి కారునకు ప్రాణమగును. తెలిసినవారు తెలియనివారికి నేర్పుట, అరువిచ్చుట, ఇచ్చినది మరచిపోవుట వీరిలో సామాన్యము.

పరీక్ష జరిపించువారును జీతగాండ్రు కారు. ప్రతి కొండ వద్దను వానలో గొడుగు పట్టుకొని గంటల తరబడి నిలిచి తప్పొప్పులు వ్రాసికొను మార్షళ్లు స్వచ్ఛందముగా వచ్చినవారే. నిలిచిపోయిన బండిని త్రాడు కట్టి లాగు ట్రాక్టరు ఆ ఊరి రైతుది. తెల్లవారుజామున గ్రామ మందిరములలో వేడి వేడి తేనీరును ఫలాహారమును సిద్ధపరచి, చలికి బిగిసిన వ్రేళ్లకు ప్రాణము పోయు తల్లులు లేనిదే ఈ వినోదము ఒక్క రాత్రియైనను సాగదు.

ఐతే దీనికి నేడొక గండము లేకపోలేదు. ప్రజల దారుల మీద ఇట్టి పరీక్ష జరుపవలెనన్న 1969 నాటి నిబంధనల ప్రకారము ముందుగా అనుమతి పొందవలెను. 2006లో చేసిన శాసనమువలన, మోటారు దారిగా పత్రములలో నమోదు కాని పాత బాటలు అనేకములందు మోటార్ల హక్కు తొలగిపోయెను. నడచిపోవువారును, గుఱ్ఱములెక్కువారును ఆ బాటలలో నిశ్శబ్దము కోరుదురు. వారి కోరిక అన్యాయము కాదు. చక్రములు త్రవ్విన గాళ్లలో వర్షపునీరు నిలిచి, మరునాడు నడచువారి మోకాళ్లకు బురద యగుట నిజమే. వీరు మాత్రము ఇవి నూరేండ్లుగా తామెక్కుచున్న కొండలందురు. సంవత్సరమున కొక్క రాత్రి వచ్చు బండి కన్న ప్రతిదినము త్రొక్కు దుంగల బండ్లు దారిని ఎక్కువగా చెరుపునని నాకు తోచుచున్నది. అయినను నిద్రించువారి కిటికీ ముందుగా పోవువాడు అనుమతి యడుగుటయే మర్యాద. ఈ సంగతి క్లబ్బులవారు గ్రహించి, ముందుగనే దారిలోని ఇంటింటికిని పోయి, ఫలానా రాత్రి వత్తుమని తెలిపి, అభ్యంతరము గలచోట దారి మార్చుకొందురు. 2001లో పశువులకు గాలికుంటు రోగము వ్యాపించి పల్లెదారులు మూయబడిన దినములలో రైతుల కష్టమును చూచి తమ వేడుకను మానుకొనిరి. ఊరివారి సమ్మతి లేని కొండ ఎంత గొప్పదైనను జాబితాలో నిలువదు.

లాండ్స్ ఎండు పరీక్షలో చివరి కొండ సముద్రపుటొడ్డున సెంట్ ఆగ్నెసు గ్రామమునకు దగ్గరగా బ్లూ హిల్సను చోటనున్నది. పూర్వము తగరము త్రవ్విన గనులవి. ఈస్టరు శనివారము మధ్యాహ్నమునకు ఎదుటి గుట్ట మీద జనులు పిల్లలతో, తినుబండారములతో చేరుదురు. రాత్రి యంతయు నిదుర లేక, ముఖమంతయు మట్టితో, ఒక్కొక్క బండియే వచ్చి గీత యొద్ద నిలుచును. ప్రక్కనున్నామె పట్టుకొమ్మిని సవరించుకొనును. క్లచ్చు వదలగానే చక్రము ఒక్క క్షణము జారును, ఆమె ఎగురును, బండి మెల్లగా కదలి, మలుపు తిరిగి, పలకను దాటును. గుట్ట మీదివారు చప్పట్లు కొట్టుచుండగనే ఆమె దిగి పంపు తీసికొని టైర్లకు గాలి కొట్టుట మొదలిడును. ఆయన దారిచీటీ విప్పి, ముగింపు స్థలమునకు ఇంకను ఎన్ని మైళ్లున్నవో చూచుచుండును.