పసిపిల్లల హెర్నియా: కోత పద్ధతి మేలా, కెమెరా పద్ధతి మేలా?

పసిబిడ్డ ఏడ్చినప్పుడో, ముక్కినప్పుడో గజ్జల్లో ఉబ్బు కనిపించి, బిడ్డ ఊరుకోగానే అది మాయమైతే హెర్నియాగా అనుమానించాలి. పేగు జారడమని ఊళ్లలో చెప్పుకునేది దీనినే. ఇది మందులతో నయం కాదు. అయితే ఒక ఆసుపత్రిలో కోత పెట్టి సరిచేస్తామంటారు, మరొక చోట కెమెరాతో చేస్తామంటారు. ఈ రెండు మాటల మధ్య తల్లిదండ్రులు తికమకపడి కాలయాపన చేయడమే బిడ్డకు అసలు ప్రమాదం.

కారణం ఏమిటి?

గర్భస్థ దశలో మగశిశువు వృషణాలు కడుపులో ఏర్పడి క్రమంగా గజ్జల గుండా కిందికి దిగుతాయి. వాటితోపాటు కడుపు లోపలి పొర సన్నని గొట్టంలా సాగుతుంది. మామూలుగా ఈ గొట్టం దానంతట అదే మూసుకుపోతుంది. మూసుకోకుంటే అందులోకి పేగు జారుతుంది. నీరు మాత్రమే దిగితే అది వరిబీజం. ఆడపిల్లల్లో అండాశయం కూడా జారవచ్చు. నెలలు నిండి పుట్టిన ప్రతి 100 మందిలో 1 నుంచి 5 మందికి హెర్నియా వస్తుంది. నెలలు నిండని పిల్లల్లో ఇది ఇంకా ఎక్కువ.

పెద్దల్లో హెర్నియాకు సాధారణంగా కండరాల బలహీనత కారణం కనుక వల అమర్చి కుడతారు. పసిపిల్లల్లో లోపం కండరంలో లేదు, మూసుకోని ఆ తిత్తిలో ఉంది. తిత్తి మెడను పైభాగాన గట్టిగా ముడివేస్తే చాలు, వలతో పనిలేదు. కోత పద్ధతిలోనైనా, కెమెరా పద్ధతిలోనైనా చేసే పని ఇదే. ఆ ముడి వద్దకు వెళ్లే దారి మాత్రమే వేరు.

రెండు దారులు

కోత పద్ధతిలో గజ్జ మడతలో సుమారు 2 సెంటీమీటర్ల గాటు పెడతారు. దారంలా సన్నగా ఉండే వీర్యనాళాన్ని, వృషణానికి వెళ్లే రక్తనాళాలను తిత్తి నుంచి జాగ్రత్తగా వేరుచేసి ముడివేస్తారు. కడుపు తెరవనవసరం లేదు. వెన్నులో మత్తు ఇచ్చి, బిడ్డ మెలకువగా ఉండగానే చేసే వీలు కూడా ఉంది.

కెమెరా పద్ధతిలో, అంటే ల్యాపరోస్కోపీలో, బొడ్డు వద్ద చిన్న రంధ్రం చేసి, కడుపులోకి బొగ్గుపులుసు వాయువు నింపి, లోపలి నుంచి ద్వారాన్ని కుట్టివేస్తారు. రెండోవైపు ద్వారం తెరిచి ఉందో లేదో కళ్లారా చూడవచ్చు. అయితే సాధారణంగా పూర్తి మత్తు ఇచ్చి, శ్వాసనాళంలో గొట్టం అమర్చవలసి ఉంటుంది.

రెండోవైపు ద్వారం తెరిచి ఉన్న ప్రతి బిడ్డకూ హెర్నియా రాదు. ఒకవైపు శస్త్రచికిత్స జరిగిన 100 మంది పిల్లల్లో సుమారు ఏడుగురికే తరువాత రెండోవైపు వస్తుంది. అందుకే దానిని కూడా మూసివేయాలా, వదిలివేయాలా అన్న విషయంలో నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు.

నిర్ణయం ఎలా?

రెండువైపులా హెర్నియా ఉన్నా, కోత పద్ధతి తరువాత తిరిగి వచ్చినా చాలామంది కెమెరా వైపు మొగ్గుతారు. వీర్యనాళం ఉండదు కనుక ఆడపిల్లల్లో ఆ పద్ధతి సులువు. ఊపిరితిత్తులు బలంగా లేని, నెలలు నిండని బిడ్డకు కోత పద్ధతిని ఎంచుకోవడం కద్దు. అనుభవం గల చేతుల్లో రెండింటిలోనూ హెర్నియా తిరగబెట్టడం అరుదు.

మత్తు వల్ల బుద్ధి మందగిస్తుందన్న భయం చాలామందిలో ఉంది. పలు దేశాల ఆసుపత్రులు కలిసి జరిపి 2019లో వెలువరించిన పరిశీలనలో, పసితనంలో గంటలోపు పూర్తి మత్తు పొందిన పిల్లలకూ, వెన్నుమత్తు వంటి పద్ధతుల్లో చికిత్స పొందినవారికీ 5 ఏళ్ల వయసులో తెలివితేటల్లో తేడా కనిపించలేదు.

నెలలు నిండి పుట్టిన పసిబిడ్డకు హెర్నియా నిర్ధారణ కాగానే ఆలస్యం చేయకుండా చేయించడం మంచిది. నెలలు నిండని శిశువుల సంగతి వేరు. 2024లో వెలువడిన అమెరికా పరిశోధనలో, త్వరగా చేసినవారిలో 28 శాతం మందికీ, ఎదిగే వరకు ఆగి చేసినవారిలో 18 శాతం మందికీ తీవ్ర సమస్యలు తలెత్తాయి. అయితే ఎంతకాలం ఆగాలన్నది వైద్యుడే తేల్చాలి.

ఆగకూడని వేళ

ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, ఎర్రబడినా, బిడ్డ ఆగకుండా ఏడ్చినా, పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో వాంతి చేసుకున్నా పేగు బిగుసుకుందని గ్రహించాలి. పాలు పట్టకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. బలవంతంగా నొక్కడం, పసర్లు కట్టడం తగదు. బొడ్డు ఉబ్బు మాత్రం వేరు. అది చాలావరకు 4, 5 ఏళ్లలోపు దానంతట అదే తగ్గుతుంది. దానిపై నాణెం పెట్టి గుడ్డ కట్టడం వల్ల ప్రయోజనం లేదు.

సరిహద్దు గ్రామాలవారికి ఆసుపత్రి కాగితాలు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో, ఇంగ్లీషులోనో ఇవ్వవచ్చు. సంతకానికి ముందు వాటిని తెలుగులో చెప్పించుకోవాలి. ఏ పద్ధతి అని అడగడంతోపాటు, ఇంత చిన్న పిల్లలకు ఆ వైద్యుడు, మత్తు వైద్యుడు తరచుగా చికిత్స చేస్తుంటారా, చికిత్స తరువాత రాత్రి బిడ్డ శ్వాసను కనిపెట్టి ఉండే ఏర్పాటు ఉందా అని అడగాలి. పద్ధతి పేరు కన్నా ఈ జవాబులే ముఖ్యం.