దావత్‌లో పనిచేసేవాళ్లు ఎప్పుడు తింటారు?

రాత్రి పదకొండు దాటింది. ఫంక్షన్ హాల్లో రెండో బంతి లేచింది. మధ్యాహ్నం మూడింటికి పెళ్లికొడుకు ఇంట్లో పని మొదలుపెట్టిన ఫొటోగ్రాఫర్ స్టేజీ పక్కన ఓ కుర్చీకి ఆనుకుని నిలబడ్డాడు. అటుగా వెళ్తున్న పెద్దాయన "భాయ్, తిన్నావా?" అని అడిగాడు. "తింటాలెండి సాబ్" అన్నాడతను. అడిగినాయన మెహమాన్లను చూసుకోవడానికి వెళ్లిపోయాడు. అర్ధరాత్రి దాటాక అతను ప్లేటు పట్టుకునే సరికి దేగ్ అడుగు కనిపిస్తోంది. రెండు ముద్దలు తిన్నాడో లేదో, రుఖ్సతీ మొదలైందని కబురొచ్చింది.

ఇలాంటివి చాలా షాదీల్లో జరుగుతాయి. పెట్టకూడదని ఎవరూ అనుకోరు. కాకపోతే ఆ పని ఎవరికీ అప్పగించి ఉండరు.

ఇద్దరి మధ్యా మిగిలిపోయేవాళ్లు

నికాహ్ రోజు విందు మామూలుగా అమ్మాయి వాళ్లది, వలీమా అబ్బాయి వాళ్లది. ఫొటోగ్రాఫర్లను మాత్రం రెండు వైపులవాళ్లూ ఎవరికి వాళ్లు మాట్లాడుకుంటారు. నికాహ్ దావత్‌లో అబ్బాయి వైపు ఫొటోగ్రాఫర్‌ను అమ్మాయి వాళ్లు "వాళ్ల మనిషి" అనుకుంటారు. అబ్బాయి వాళ్లేమో "విందు వాళ్లది కదా, వాళ్లే చూస్తారు" అనుకుంటారు. బారాత్ కార్ల డ్రైవర్ల పరిస్థితీ అంతే. అందుకే దావత్‌కు రెండు రోజుల ముందే రెండు ఇళ్లవాళ్లూ ఫోన్‌లో మాట్లాడుకోవాలి. మా తరఫున ఇంతమంది పనివాళ్లు వస్తున్నారు, వాళ్లను కూడా లెక్కలో వేయండి అని చెప్పుకుంటే సరిపోతుంది.

మొదటి బంతిలోనే పెట్టాలి

"ముందు మెహమాన్లు, తర్వాత పనివాళ్లు" అన్నది మనకు అలవాటు. ఫొటోల సంగతికొస్తే ఇది నష్టమే. జనం తింటున్నప్పుడు ఫొటోగ్రాఫర్‌కు పెద్దగా పని ఉండదు. నోట్లో ముద్ద పెట్టుకుంటున్న ఫొటో ఎవరికీ నచ్చదు కూడా. అసలు పని భోజనాలయ్యాకే ఉంటుంది. నికాహ్ రోజైతే జల్వా, అద్దంలో దుల్హా దుల్హన్ ఒకరినొకరు చూసుకోవడం, రుఖ్సతీ. వలీమాలోనైతే ఖాందాన్ మొత్తం స్టేజీ ఎక్కి దిగే గ్రూప్ ఫొటోలు. ఆఖరి బంతిలో కూర్చోబెడితే సరిగ్గా ఆ సమయానికే అతను ప్లేటు ముందు ఉంటాడు. కూతురు అమ్మీని పట్టుకుని ఏడ్చే ఆ రెండు నిమిషాలు మళ్లీ రావు.

కాబట్టి మొదటి బంతి కూర్చోగానే ఇద్దరు ఫొటోగ్రాఫర్లలో ఒకరిని, ఇద్దరు వీడియో వాళ్లలో ఒకరిని కూర్చోబెట్టాలి. రెండో బంతికి మిగతా ఇద్దరు. ఇరవై నిమిషాల్లో తిని లేస్తారు, స్టేజీ మీద ఎవరో ఒకరు ఉండనే ఉంటారు.

వేళ్ల మీద లెక్క

పనివాళ్లు ఎంతమందో లెక్కపెడితే చాలామంది ఆశ్చర్యపోతారు. మామూలు దావత్‌నే తీసుకుందాం. ఫొటో ఇద్దరు, వీడియో ఇద్దరు, లైట్లు పట్టుకునే కుర్రాళ్లు ఇద్దరు, ఆడవాళ్ల వైపు ఫొటో తీసేవాళ్లు ఇద్దరు, డెకరేషన్ నలుగురు, సౌండ్ ఒకరు, జనరేటర్ ఒకరు, డ్రైవర్లు నలుగురు, పార్కింగ్ దగ్గర ముగ్గురు. మొత్తం 21 మంది. టేబుల్‌కు ఎనిమిది మంది చొప్పున దాదాపు మూడు టేబుళ్లు. బావర్చీకి ముందే చెబితే ఇది భారం కాదు. చివర్లో గుర్తొస్తేనే ఇబ్బంది.

బావర్చీ మనుషులు, వడ్డించేవాళ్లు మామూలుగా వాళ్ల భోజనం వాళ్లే చూసుకుంటారు. పొయ్యిల దగ్గర వాళ్లకు చల్లటి నీళ్లు, కూర్చోవడానికి నీడ ఉన్నాయో లేదో చూస్తే చాలు. గిన్నెలు తోమే ఆడవాళ్లు, హాలు ఊడ్చేవాళ్లు ఎవరి లెక్కలోనూ ఉండరు. వాళ్లకూ వేడిగా ఉన్నప్పుడే పెట్టాలి, మిగిలింది కట్టివ్వడం దానికి బదులు కాదు. బారాత్‌తో వచ్చే మర్ఫా వాళ్లు భోజనాల దాకా ఉండకపోవచ్చు. వాళ్ల డబ్బు, టిఫినో చాయో ముందే చూడాలి.

జనానా వైపు

ఆడవాళ్ల వైపు ఫొటో తీసే అమ్మాయిని ఎక్కువగా మర్చిపోతారు. మర్దానాలో పనివాళ్లకు వడ్డించే కుర్రాడు అటు వెళ్లలేడు. అందుకే జనానాలో ఒక ఖాలానో, ఫుప్పీనో ఆమె బాధ్యత తీసుకోవాలి. కెమెరా బ్యాగు పెట్టుకోవడానికి తాళం ఉన్న గది, ఛార్జింగ్‌కు ప్లగ్గు, నమాజ్ చేసుకునేవారైతే కాస్త చోటు చూపించాలి. అన్నిటికంటే ముఖ్యం ఇల్లు చేరడం. రాత్రి ఒంటిగంటకు పని అయ్యాక ఆమె ఒంటరిగా ఆటో వెతుక్కునే పరిస్థితి రాకూడదు. ఎవరు దింపుతారో, ఏ కారులోనో ముందే అనుకోవాలి. ఆడవాళ్ల ఫొటోలు ఎక్కడా పెట్టకూడదన్న మాట కూడా బుకింగ్ రోజే కాగితం మీద రాసుకుంటే తర్వాత మనస్పర్థలు ఉండవు.

అందరూ బిర్యానీ తినరు

మన దావత్‌లలో పనిచేసే డెకరేషన్, ఫొటో, సౌండ్ వాళ్లలో హిందూ సోదరులు చాలామందే ఉంటారు. కొందరు శాకాహారులు, కొందరు వారంలో ఒకరోజు మాంసం ముట్టరు. కార్తీక మాసంలో మానేసేవాళ్లుంటారు. నవంబర్ నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాలలో ఉన్నవాళ్లు కనిపిస్తారు. "గోష్ తీసి అన్నం తినండి" అనడం మర్యాద కాదు. బగారా అన్నం, ఖట్టీ దాల్, మిర్చీ కా సాలన్ విడిగా, వేరే గరిటెతో పెడితే సరిపోతుంది. దాల్చాలో మాంసం వేస్తే ఆ సంగతి ముందే చెప్పాలి. మాలలో ఉన్నవాళ్లు బయటి వంట తినకపోవచ్చు. వాళ్లకు పళ్లు ఇచ్చి, కాసేపు వెళ్లి రావడానికి వీలు కల్పించాలి.

డబ్బు మాట

కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇచ్చేయమన్న హదీసు మనందరం విన్నదే. దావత్ రాత్రి మాత్రం "రేపు అబ్బాను కలువు" అన్న మాటే ఎక్కువ వినిపిస్తుంది. అడ్వాన్స్ ఎంత, ఆ రోజు ఎంత, ఆల్బమ్ అందాక ఎంత అన్నది బుకింగ్ అప్పుడే తేల్చుకోవాలి. ఆ రోజు ఇవ్వాల్సింది ఒక్కో కవరులో పేరు రాసి పెట్టుకోవాలి. ఇనామ్ ఇవ్వాలనుకుంటే స్టూడియో ఓనర్ చేతికి కాకుండా లైటు పట్టుకున్న కుర్రాడి చేతికే ఇవ్వడం మంచిది.

ఒక్కరికి అప్పగించండి

వీటన్నిటికీ కావాల్సింది ఒక్క మనిషి. దుల్హా, దుల్హన్ల తోబుట్టువులు వద్దు, వాళ్లు ఫొటోల్లో ఉండాలి. చురుకైన ఓ మేనల్లుడో, పక్కింటి కుర్రాడో చాలు. పనివాళ్ల జాబితా, కవర్లు అతని దగ్గర ఉండాలి. అతని నంబర్ అందరి దగ్గరా ఉండాలి. "తిన్నావా?" అని అడిగి వదిలేయకుండా, చెయ్యి పట్టుకుని టేబుల్ దాకా తీసుకెళ్లడం అతని పని.

వండి తెచ్చినవాడు దాని వేడీ పొగా భరించాడు కాబట్టి అతన్ని పక్కన కూర్చోబెట్టుకోవాలని, కనీసం ఒకటి రెండు ముద్దలైనా అతనికి ఇవ్వాలని దైవప్రవక్త (స) నేర్పారు. షాదీలో మన సంతోషం కోసం రోజంతా నిలబడినవాళ్ల విషయంలోనూ అదే మర్యాద పాటించాలి.