నల్లకోటు విప్పి ప్లాట్లు చూపిస్తున్నా

"ఏందయ్యా, లాయరు చదువు చదివి బ్రోకరు పని చేస్తన్నావంట?"

నరసరావుపేటలో కోటప్పకొండ రోడ్డు మీద టీ కొట్టు దగ్గర మా మావయ్య వరసాయన పదిమందిలో అడిగిన మాట ఇది. ఆ రోజు నవ్వి ఊరుకున్నా. ఈ మధ్య ఇద్దరు ముగ్గురు జూనియర్ లాయర్లు ఫోన్ చేసి, "అన్నా, మేమూ అటే వద్దామనుకుంటున్నాం, ఎట్టా ఉంటది?" అని అడిగారు. వాళ్ళకి చెప్పింది ఇక్కడ రాస్తున్నా. మా మావయ్యకి బాకీ పడ్డ సమాధానం కూడా ఇందులోనే ఉంది.

నేను లా అయ్యాక నరసరావుపేటలో ఒక సీనియర్ గారి దగ్గర మూడేళ్ళు చేశా. జూనియర్ అంటే తెలిసిందేగా. పొద్దున్నే ఫైళ్ళు మోయటం, వాయిదాలు అడగటం, రాత్రి పదింటి దాకా దావాలు రాయటం. నెలాఖరుకి చేతికొచ్చేది బండి పెట్రోలుకి సరిపోయేది. 2024 అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకి పట్నాల్లో నెలకి 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 ఇవ్వమని సీనియర్లకి సూచించింది. అది సూచనే గానీ చట్టం కాదు. పైగా మా తాలూకా కోర్టుల్లో సీనియర్లకే ఆ డబ్బులు మిగలని నెలలుంటయ్.

అందుకే హైదరాబాద్ పోయి ఒక కంపెనీ లీగల్ విభాగంలో చేరా. ఇళ్ళ లోన్లకి పెట్టిన డాక్యుమెంట్లు చదివి, హక్కు సరిగ్గా ఉందా లేదా రాసివ్వటం నా పని. ఏడేళ్ళు చేశా. 2023 చివర్లో ఒక మధ్యాహ్నం గదిలోకి పిలిచారు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. రెండు నెలల జీతం, ఒక ఉత్తరం. బయటికొచ్చి బండి స్టాండులోనే అరగంట కూచున్నా. ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలవలా. పిల్లాడి స్కూలు ఫీజు మూడో టర్ము కట్టాల్సింది ఆ వారమే.

కోర్టుకే పోదామనుకున్నా

ఊరికొచ్చేశాం. మళ్ళీ ప్రాక్టీసే మొదలెడదామనుకున్నా. సరిగ్గా అప్పుడే రాష్ట్రంలో లాయర్లు కోర్టులు వదిలి రోడ్డెక్కారు. ఏపీ ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023 అక్టోబర్ 31 నుంచి అమల్లోకొచ్చింది. భూమి హక్కు తగాదాలు సివిల్ కోర్టుల చేతిలోంచి తీసేసి టైటిల్ రిజిస్ట్రేషన్ ఆఫీసర్ల చేతిలో పెడతన్నారన్నది లాయర్ల అభ్యంతరం. రైతు తన పొలం కోసం కోర్టు గుమ్మం ఎక్కే దారి మూసుకుపోయిద్దని ఒక భయం. మా పొట్ట సంగతేందని ఇంకో భయం. రెండూ నిజమే. పల్నాటి కోర్టుల్లో సివిల్ దావాలంటే గట్టు తగాదా, భాగపంపకం, అగ్రిమెంటు తగాదాలే ఎక్కువ. భూమి తగాదా పోతే మాకు మిగిలేది తక్కువ.

ఆ చట్టాన్ని 2024 జులైలో అసెంబ్లీ రద్దు చేసింది. కానీ నాకు అప్పటిదాకా ఆగే ఓపిక లేదు. కొత్తగా ఆఫీసు పెట్టిన లాయరుకి కక్షిదారు రావటానికే రెండు మూడేళ్ళు పట్టిద్ది. ఇంట్లో బియ్యం అంతకాలం ఆగవు. నాకు బాగా వచ్చిన పని ఒకటే: భూమి కాయితాలు చదవటం. ఆ పని బజార్లో ఎక్కడ కావాలి అని చూస్తే, కనపడింది రియల్ ఎస్టేటు.

రెండు పడవల మీద కాళ్ళు కుదరదు

చాలామందికి తెలియని సంగతి ముందు చెప్తా. "పొద్దున కోర్టు, సాయంత్రం ప్లాట్లు" అనుకుంటే కుదరదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 47వది, ప్రాక్టీసు చేసే లాయరు స్వయంగా ఏ వ్యాపారమూ చేయకూడదంటది. వృత్తి గౌరవానికి అడ్డు రాదని రాష్ట్ర బార్ కౌన్సిల్ అనుకుంటే, పెట్టుబడి పెట్టి పనిలో వేలు పెట్టని భాగస్వామిగా ఉండొచ్చు, అంతే. 49వది, జీతం మీద పూర్తికాలం ఉద్యోగం చేసేటప్పుడు ప్రాక్టీసు చేయకూడదంటది. అందుకే నేను కంపెనీలో చేరినప్పుడే ప్రాక్టీసు ఆపినట్టు బార్ కౌన్సిల్‌కి రాసిచ్చా. ఉద్యోగం పోయాక తిరిగి తెరిపించుకోవచ్చు. ఈ వ్యాపారంలోకి వచ్చా కాబట్టి తెరిపించుకోలా.

ఆపేశాక "అడ్వకేట్" అని బోర్డు పెట్టకూడదు, కార్డు మీద కొట్టించకూడదు. ఫీజు తీసుకోని లీగల్ ఒపీనియన్ మీద సంతకం కూడా పెట్టకూడదు. ప్రాక్టీసు అంటే కోర్టులో వాదించటమే కాదు, సలహా ఇవ్వటం, దస్తావేజు రాయటం కూడా అందులోకే వస్తయ్యని 2018లో విదేశీ లాయర్ల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా దగ్గర నల్లకోటు ఫొటో పెట్టి వెంచర్ కరపత్రాలు పంచేవాళ్ళున్నారు. అది తప్పు. కొనేవాళ్ళు ఆ కోటు చూసి నమ్మి మోసపోతారు, అందుకని తప్పు.

ఇటువైపు కూడా నిబంధనలున్నయ్. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం, రెరాలో నమోదైన వెంచర్లో ప్లాటు అమ్మిపెట్టాలంటే ఏజెంటు కూడా నమోదు చేసుకోవాలి. భూమి 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటిన లేఅవుటుకి నమోదు లేకపోతే దాని ప్రచారమే చేయకూడదు, ఏజెంటు అందులో ప్లాటు అమ్మిపెట్టకూడదు. ప్లాటు ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోవాలంటే, ముందు అగ్రిమెంటు రాసి రిజిస్టర్ చేయాలి. కొనేవాళ్ళు కట్టిన డబ్బులో 70 శాతం విడిగా బ్యాంకు ఖాతాలో పెట్టి, ఆ ప్రాజెక్టు భూమికీ పనికీ మాత్రమే వాడాలి. నేను కలిసినవాళ్ళలో పదిమందికి ఒకరికి కూడా ఈ మూడు సంగతులు తెలవవు. మామూలు పొలం బేరానికి ఈ రెరా ఏదీ వర్తించదు. అక్కడ కొనేవాడికి తన కళ్ళే దిక్కు.

అసలు తేడా ఎక్కడుందంటే

లాయరుగా ఉన్నప్పుడు కాయితం చూసి "ఇది కొనొద్దు" అన్నా నా ఫీజు నాకొచ్చేది. ఏజెంటుకి అట్టా కాదు. కొంటేనే కమీషన్. మా దగ్గర అమ్మేవాళ్ళ వైపు ఒక శాతం, కొనేవాళ్ళ వైపు ఒక శాతం మామూలు. "వద్దు" అన్నావా, నెల రోజులు తిరిగిన పెట్రోలు కూడా నీదే. చదివిన చదువు అదే, చూసే కాయితం అదే. చూసే మనిషికి డబ్బులు ఎప్పుడు వస్తయ్యన్నది మారిపోయింది. ఈ పనిలోకి వచ్చే లాయర్లు ముందు అర్థం చేసుకోవాల్సింది ఇదే.

నా మొదటి బేరంలోనే దెబ్బ తిన్నా. సత్తెనపల్లి వైపు మెట్ట పొలం, డాక్యుమెంటులో ఎకరం 20 సెంట్లు. ఈసీ చూశా, లింకు డాక్యుమెంట్లు చూశా, అన్నీ బాగున్నయ్. సర్వేయర్ని పిలిచి కొలిపిద్దామంటే అమ్మేవాళ్ళు "మా తాతల నాటి పొలం, మాకు తెలవదా" అన్నారు. రెండు నెలల్నించి చేతిలో రూపాయి లేదు. బేరం చెడిద్దని నేనూ గట్టిగా అడగలా. రిజిస్ట్రేషన్ అయ్యాక కొలిస్తే ఎకరం 8 సెంట్లే తేలింది. డొంక పక్కన గట్టు ఎప్పుడో జరిగింది. 12 సెంట్లంటే 580 గజాలు. సెంటు ముప్పై వేలు లెక్కన 3,60,000. నా కమీషన్ నేను తిరిగిచ్చా, మిగతాది అమ్మినాయనతో మాట్లాడి కొంత ఇప్పించా. కొన్నాయన ఇప్పటికీ నాతో మాట్లాడడు. కోర్టులో ఇట్టాంటి కేసులు ఎన్నో చూశా. కొనేటప్పుడు నేను లాయర్ని కాకుండా ఆకలిగా ఉన్న ఏజెంటుని అయిపోయా.

రెండోది మా పిన్ని సంగతి. బాబాయ్ పోయాక వచ్చిన ఇన్సూరెన్సు డబ్బులు, మిరప మీద మిగిలింది కలిపి పిల్ల పెళ్ళికని దాచింది. గురజాల రోడ్డు పక్కన 60 సెంట్లు, 24 లక్షలకి వస్తందని ఎవరో చెప్పారంట. "అబ్బాయ్, నువ్వు లాయరువి గదా, నువ్వు సరే అంటే చాలు" అంది. నాకు రెండు వైపులా కలిపి 48,000 వచ్చిద్ది.

కాయితాలు చూస్తే అది డి-పట్టా భూమి. ప్రభుత్వం పేదవాళ్ళకి సాగు కోసం ఇచ్చింది. 1977 చట్టం ప్రకారం అట్టాంటి భూమి అమ్మినా కొన్నా చెల్లదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. అమ్మేవాడేమో "20 ఏళ్ళు దాటింది, 2023లో చట్టం మార్చారు, ఇప్పుడు అమ్ముకోవచ్చు" అన్నాడు. చట్టం మారిన మాట నిజమే. కానీ ఆ హక్కు పట్టా తీసుకున్నాయనకి, ఆయన వారసులకి. అమ్మేవాడు ఆ ఇంటివాడే కాదు, సాదా కాయితం మీద కొన్నాడు. వారసుల చేత సంతకాలు పెట్టిస్తానన్నాడు. వారసులు ఐదుగురు. ఇద్దరు ఎక్కడున్నారో ఆయనకే తెలవదు. పైగా 2024 ఎన్నికల తర్వాత ప్రభుత్వం అట్టాంటి ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టింది. "ముందు ఐదు లక్షలు బయానా ఇయ్యమనండి, మిగతాది నెమ్మదిగా చూద్దాం" అన్నాడు.

"వద్దు పిన్నీ" అన్నా. "రేటు మళ్ళీ దొరకదు నాయనా" అంది. "దొరక్కపోయినా సరే, డబ్బులు బ్యాంకులో ఉండనీ" అన్నా. కొనలేదు. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల మంచి కాయితాలున్న పొలాల రేట్లు కూడా పెరిగినయ్. ఇప్పుడు ఆ డబ్బుకి 60 సెంట్లు రావు. మొన్న సంక్రాంతికి పోతే "నీ మాట విని వెనకపడ్డా" అంది. ఆ మాటలో అబద్ధం లేదు. కొని ఉంటే ఏమయ్యేదో జరగలేదు కాబట్టి చూపించలేను. "వద్దు" అని చెప్పే పనికి ఉన్న కష్టం ఇదే: తప్పిన నష్టం ఎవరికీ కనపడదు, పోయిన లాభమే కనపడిద్ది.

రేట్ల సంగతి

మా జిల్లాలో భూమి రేటు వానతో పాటు రాజధానితో కూడా పెరిగి తగ్గిద్ది. అమరావతి పాత ఊరు ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది, రాజధాని కడుతున్న తుళ్ళూరు గుంటూరు జిల్లాలో ఉంది. 2015 అక్టోబర్ 22న శంకుస్థాపన, 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల ప్రకటన, 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు, అదే ఏడు ఏప్రిల్ 4న నరసరావుపేట జిల్లా కేంద్రం, 2025 మే 2న రాజధాని పనులు మళ్ళీ మొదలు. ఇట్టాంటి వార్త వచ్చిన ప్రతిసారీ ఫోన్లు మోగటమో, మూగబోవటమో. ఇప్పుడు ఔటర్ రింగు రోడ్డు పేరు చెప్పి అమ్ముతన్నారు. కాబట్టి ఈ పనిలో నెల జీతం లాగా లెక్క వేసుకోవద్దు. ఆరు నెలలు ఒక్క బేరం కూడా కాకపోయినా ఇల్లు గడిచే ఏర్పాటు చూసుకోనే దిగాలి. నేను అట్టా చూసుకోకుండా దిగా. ఆ 12 సెంట్ల తప్పు అందుకే జరిగింది.

వచ్చేవాళ్ళకి నాలుగు మాటలు

మొదట ప్రాక్టీసు ఆపినట్టు బార్ కౌన్సిల్‌కి రాసివ్వండి. రెండోది, నువ్వు అమ్మేవాళ్ళ మనిషివా కొనేవాళ్ళ మనిషివా, ఎవరి దగ్గర ఎంత తీసుకుంటన్నావో మొదటి రోజే కాయితం మీద రాసి ఇద్దరికీ చూపించు. మూడోది, నీకు ఎంత తెలిసినా కొనేవాళ్ళని ప్రాక్టీసులో ఉన్న ఇంకో లాయరు దగ్గరికి పంపి ఒపీనియన్ తీసుకోమను. బేరం అయినా కాకపోయినా ఆయన ఫీజు ఆయనకొచ్చిద్ది. కాబట్టి "వద్దు" అనటానికి ఆయనకి భయముండదు. నేను పంపినోళ్ళలో కొన్ని బేరాలు అక్కడే ఆగినయ్. బాధేసింది, కానీ రాత్రి నిద్రపట్టింది. నాలుగోది, సర్వేయర్ని పిలవకుండా బయానా ఇప్పించొద్దు.

కొనేవాళ్ళకి ఒక్క మాట. రిజిస్టర్ అయితే హక్కు వచ్చినట్టేనని అనుకోవద్దు. సబ్ రిజిస్ట్రారు నమోదు చేసేది దస్తావేజుని. అమ్మేవాడికి అసలు హక్కుందా అన్నదానికి ఆయన హామీ ఇవ్వడు. ఒట్టి జీపీఏ మీద కొంటే భూమి నీది కాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. పక్కనున్నవాడు లాయరు చదివినా సరే, వాడికి డబ్బులు ఎప్పుడు వస్తయ్యో ముందు అడగండి. నన్ను కూడా అడగండి.

ఇక మా మావయ్యకి సమాధానం. అవును మావయ్యా, బ్రోకరు పనే చేస్తన్నా. కోటు బీరువాలో ఉంది. ఈ ఏడు పిల్లాడి మూడో టర్ము ఫీజు టయానికి కట్టా. నువ్వు ఆ నకరికల్లు పొలం చూడ్డానికి రమ్మన్నావుగా, ఆదివారం వస్తా. సర్వేయర్ని నువ్వే మాట్లాడిపెట్టు.