బొమ్మ పక్కకు జరిగితే లక్షలొస్తాయా?

పొలంలో దొరికిన శాతవాహనుల నాటి సీసపు నాణెం మీద ఏనుగు ఒక వారకు ఒరిగి, తొండం సగం అంచు దాటిపోయిందనుకోండి. ఫోన్లలో తిరుగుతున్న వీడియోల లెక్కన అది ‘ఎర్రర్ కాయిన్’, ధర లక్షల్లో. ఆ మాట నమ్మినవాళ్లు ముందు దాన్ని చింతపండు పెట్టి తోముతున్నారు. ఆ తర్వాత ముఖం చూపని కొనుగోలుదారుకు ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ కడుతున్నారు. రెండు వేల ఏళ్లు మట్టిలో నిలిచిన అక్షరం పది నిమిషాల్లో మాయం. ఫీజు అంతకన్నా వేగంగా మాయం.

శాతవాహనుల నాణేల్లో బొమ్మా రాతా రెండూ నిండుగా పడ్డవే అరుదు. కారణం అవి తయారైన తీరులోనే ఉంది. కింది అచ్చును దాగలిలో బిగించేవారు. దాని మీద లోహపు బిళ్ల పెట్టి, పై అచ్చును చేత్తో ఆనించి పట్టుకుంటే సమ్మెట దెబ్బ పడేది. చెయ్యి కాస్త వంగినా, బిళ్ల రవ్వంత కదిలినా బొమ్మ పక్కకు పోతుంది. ఇప్పటి యంత్రంలో బిళ్ల జరక్కుండా చుట్టూ ఉక్కు వలయం ఉంటుంది, అప్పుడు లేదు. పైగా చాలాసార్లు అచ్చే బిళ్లకన్నా పెద్దది. అంచు చుట్టూ చెక్కిన పేరులో ‘రఞో గోతమి’ ఒక నాణెం మీద, ‘సిరి సాతక’ ఇంకోదాని మీద పడేవి. పరిశోధకులు నాలుగైదు నాణేలు పక్కపక్కన పేర్చుకుంటే గాని రాజు పూర్తి పేరు తేలదు. అన్నిటికీ ఉన్న వంకర అరుదైనదెలా అవుతుందో ఆ వీడియోలవాళ్లే చెప్పాలి. నిజానికి పేరు అంచు దాటిపోయిన నాణేనికి సేకర్తలిచ్చేది తక్కువే.

బొమ్మ కింద మరో బొమ్మ కనిపిస్తే అదీ పొరపాటేనట! 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అన్నీ క్షహరాత వంశపు రాజు నహపానుడివి. అతన్ని ఓడించిన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద తన ముద్ర కొట్టించాడు. ఓడినవాడి ముఖం మీద, అతని పేరు మీద గెలిచినవాడి చైత్య గుర్తు. కావాలని, వేల సంఖ్యలో చేసిన పనిని ‘డబుల్ ఎర్రర్’ అని అమ్ముతున్నారంటే ఏమనాలి?

మన దేశంలో దొరికే రోమన్ బంగారు నాణేల మీద చక్రవర్తి తలకు అడ్డంగా ఉన్న ఉలిగాటూ టంకశాల తప్పు కాదు. పుదుక్కోట్టై ప్రాంతంలో 1898లో దొరికిన 501 నాణేల్లో అత్యధికం అలా గాటు పడ్డవే. విద్ధాంక నాణేల (చిన్న చిన్న ముద్రలు గుద్దిన పాత నాణేల) మూలలు కత్తిరించి ఉంటే తూకం సరిచేశారని అర్థం, విరిగాయని కాదు.

పుకారులో ఒక్క ముక్క నిజముంది, ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలి. అసలైన టంకశాల తప్పులు లేకపోలేదు. కొట్టిన నాణెం ఒక్కోసారి పై అచ్చుకే అంటుకుపోయేది. పనివాడు అది చూసుకోకుండా కొత్త బిళ్ల పెట్టి సమ్మెట వేస్తే, దాని ఒక వైపు మామూలు బొమ్మ, రెండో వైపు అదే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి దిగి పడేది. రోమన్ దినారీల్లో ఇలాంటివి బాగానే ఉన్నాయి. వీటికి సేకర్తలు కొంత ఎక్కువిస్తారు. కొంతే, మీ పొలం రేటు కాదు.

ఇక ఈస్టిండియా కంపెనీ 1818లో వేసిందనే సీతారాముల నాణెం, బియ్యాన్ని లాగే ‘రైస్ పుల్లింగ్’ నాణెం: రెండూ శుద్ధ మోసం.

కాబట్టి తోమకండి. సీసం మెత్తని లోహం, పీచుకీ పులుపుకీ లొంగిపోతుంది. వెనిగర్ అయితే లోహాన్నే తినేస్తుంది. సీసం విషమన్న సంగతి సరేసరి. రాగి మీది పచ్చని పొరనూ గోకకండి, గోకితే దాంతోపాటు రాతా ఊడుతుంది. రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి కమీషన్ అడిగితే ఫోన్ పెట్టేయండి. పాత నాణేల కొనుగోలు, అమ్మకాలతో తమకు సంబంధం లేదని ఆ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. మట్టిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. అందుకే ముందు ఫొటో తీసి, ఎక్కడ, ఎంత లోతున, ఏ కుండలో దొరికిందో రాసిపెట్టుకుని కలెక్టరేటుకు వెళ్లండి. కుండ పెంకులు కూడా పారేయొద్దు.