వయ్యారిభామ – ఉబ్బసము: ఒక కలుపు మొక్కపై దేశదేశముల పరిశోధన

పొలము గట్ల మీద, బీళ్ళలో, రైలు కట్ట ప్రక్కన, ఇండ్ల దొడ్లలో తెల్లని చిన్న పూలతో నడుమెత్తున పెరుగు వయ్యారిభామను తర్లుపాడు, మార్కాపురం ప్రాంతపు రైతులకు క్రొత్తగా పరిచయము చేయనక్కరలేదు. కాంగ్రెసు గడ్డి అన్నను ఇదియే. పైరునకు ఇది చేయు నష్టము అందరికిని తెలిసినదే. కాని మనిషి ఊపిరికి, చర్మమునకు ఇది చేయు హానిని గూర్చి వివిధ దేశముల శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు కలిసి శ్రమించి కనుగొనిన సంగతులు మన గ్రామములకు సరిగా చేరలేదు. చేరకపోవుటలో నా వంటి వారి లోపమును కలదు. ముందుగా దానిని చెప్పవలెను.

ప్రతి సంవత్సరము ఆగస్టు 16 నుండి 22 వరకు ఈ మొక్కను గూర్చి దేశమంతట అవగాహన వారము జరుగును. కొన్నేండ్ల క్రిందట ఆ వారములో ఒక ఊరి బడి పిల్లలను వెంట పెట్టుకొని ఖాళీ స్థలములలోని వయ్యారిభామను పీకించితిని. మొక్కలు అప్పటికే విరగబూసి యున్నవి. పిల్లలు ఉత్సాహముగా ఉత్త చేతులతో పీకి, భుజములపై మోసి గుట్ట వేసిరి. ఫొటోలు కూడ తీసికొంటిమి. సాయంకాలమునకు ఆరుగురికి చేతుల మీద, మెడ మీద దద్దురులు లేచినవి. చిన్ననాటి నుండి ఆయాసము గల ఒక పిల్లవానికి రాత్రి పిల్లికూతలు పట్టుకొనగా తండ్రి మోటారు సైకిలు మీద మార్కాపురము తీసికొని పోవలసి వచ్చెను. అబ్బాయి మూడు దినములలో తేరుకొనెను. “సార్, మొక్క పీకమని చెప్తిరి గానీ, ఎవరికి పడదో కనుక్కోవద్దా?” అని ఆ తండ్రి అడిగిన మాటకు నా వద్ద జవాబు లేకపోయెను. కళాశాలలో నేను దీనిని కలుపు మొక్కగా చదివితినేగాని, మనుష్యుల జబ్బుకు మూలముగా శ్రద్ధతో చదువలేదు.

ఈ మొక్క పుట్టిల్లు మెక్సికో ప్రాంతము. మన దేశములో 1955లో పూనాలో దీనిని గుర్తించిరి. అమెరికా గోధుమలతో కలిసి వచ్చినదని వాడుక. బాగా పెరిగిన మొక్క ఒక్కటి 25 వేల వరకు విత్తనములను రాల్చగలదు. పూనా చుట్టుప్రక్కల ఇది వ్యాపించిన కొలది రైతులకు, కూలీలకు ముఖము, మెడ, మోచేతి మడతలు నల్లబడి, చర్మము మందమై పగులుట అక్కడి వైద్యులు గమనించిరి. పూనా వైద్యుడు లొంకర్, కెనడా దేశపు మిచెల్, లండను నగరపు కాల్నన్ కలిసి 1974లో ఈ చర్మవ్యాధిని గూర్చి ప్రకటించిరి. ఒకరి వద్ద రోగులు, మరియొకరి వద్ద మొక్కల వలన కలుగు చర్మవ్యాధుల అనుభవము ఉన్నందున ఈ పని సాగినది. కెనడాలోని వాంకూవరు శాస్త్రజ్ఞులు మొక్కలోని పార్థెనిన్ అను చేదు పదార్థము దీనికి ముఖ్య కారణమని తెలిసికొనిరి. ఆకుల మీది నూగులో ఈ పదార్థము ఉండును. ఎండిన మొక్క పొడియై గాలిలో లేచినను చాలును, ముట్టుకొన నక్కరలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. దురద వేరు, ఉబ్బసము వేరు. దురదకు కారణము పార్థెనిన్. తుమ్ములకు, ముక్కు కారుటకు, ఆయాసమునకు కారణము పుప్పొడి. మంచె మీది కావలివాడు అడవిపందిని చూచి డప్పు కొట్టుట న్యాయమే. పిచ్చుక వాలినను పంది వచ్చినదని ఊరినంతటిని లేపువాడైనచో ఏమగును? పుప్పొడి పడని వారి శరీరములో జరుగునది ఇదియే. ఏ హానియు చేయలేని పుప్పొడి రేణువును శత్రువుగా ఎంచి శరీరము తిరుగబడును. ఆ గలాటాలో ఊపిరి గొట్టములు వాచి, ఇరుకై, పిల్లికూతలు పుట్టును.

బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థలో సుబ్బారావు గారి బృందము ఈ పుప్పొడిని చాలకాలము పరిశోధించినది. 1991లో వారు ప్రకటించిన లెక్క ప్రకారము, బెంగుళూరులో ముక్కు ఎలర్జీతో వచ్చిన రోగులలో నూటికి 34 మందికి, ఉబ్బసపు రోగులలో నూటికి 12 మందికి చర్మ పరీక్షలో వయ్యారిభామ పుప్పొడి పడదని తేలినది. అంటే ఉబ్బసము అంతయు ఈ మొక్క వలననే అని కాదు. ఇంటి దుమ్ములోని కంటికి కానరాని నల్లులు, పొగ, బూజు, చలిగాలి కూడ కారణములే. అమెరికాలో శ్రావణ భాద్రపదములలో జనులను తుమ్మించు రాగ్‌వీడ్ అను మొక్క దీనికి దాయాది. ఒకటి పడనివారికి రెండవదియు పడకపోవచ్చునని ఆ బృందము చూపించినది. మన ఊళ్ళ నుండి అక్కడికి పోయిన పిల్లలు ఆగస్టు సెప్టెంబరులలో ముక్కు చీదుచున్నామని వ్రాసినచో తల్లిదండ్రులు ఈ మాట జ్ఞాపకము చేయవచ్చును.

ఈ పుప్పొడి మనిషితో ఆగలేదు. 2000 సంవత్సరములో అనంతపురము జిల్లాలో వేరుశనగ మొవ్వలు, కాండములు నల్లబడి కుళ్ళి, సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో పైరు దెబ్బ తిన్నది. నష్టము 300 కోట్ల రూపాయలు దాటినది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ వారు, మన విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు కలిసి శోధింపగా అది పొగాకు చార వైరస్ అని తేలినది. వయ్యారిభామ ఈ వైరస్‌ను లోపల దాచుకొని పైకి పచ్చగా కనిపించును. దాని పుప్పొడిని తామర పురుగులు వేరుశనగ మీదికి మోసికొని పోవును. మన వైపు వేరుశనగ తక్కువైనను, ప్రత్తికి, ప్రొద్దుతిరుగుడుకు కూడ ఈ వైరస్ సోకును. కనుక గట్టు మీది మొక్క నాది కాదని ఊరకుండుటకు వీలులేదు.

మెక్సికోలో ఈ మొక్క ఇంతగా ప్రబలకుండుటకు అక్కడి పురుగులు ఒక కారణము. అక్కడ దీనిని తిను పెంకుపురుగును 1983లో బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థ వారు తెప్పించి, వేరు పైరులను తినదని పరీక్షించి, 1984లో విడిచిరి. మీగడ రంగు వీపు మీద ముదురు గోధుమ చారలుండు చిన్న పురుగు. కొన్నేండ్లకు కర్ణాటకలో ఇది ప్రొద్దుతిరుగుడు ఆకులను కొరుకుచున్నదని రైతులు గగ్గోలు పెట్టిరి. విచారణ సంఘము ఏర్పడినది. ప్రొద్దుతిరుగుడు ఆకుల మీద వయ్యారిభామ పుప్పొడి పడియున్నందున ఆ వాసనకు పురుగు కొరికినదేగాని, ఆ పైరు మీద బ్రతుకజాలదని తేలినది. రైతు చెప్పిన దానిని కొట్టివేయక వెదకినందున నిజము బయటపడినది. మా శాఖ వారము ఈ కథను మరువరాదని నా అభిప్రాయము.

క్రొత్త వంగడము మంచిదో కాదో మూడు నాలుగు పంటకాలములలో తెలిసిపోవును. ఉబ్బసము అట్లు కాదు. తల్లి కడుపులో నున్నప్పటి సంగతి పదేండ్ల పిల్లవాని ఊపిరిలో కనిపించవచ్చును. అందువలన 2002 నుండి ఆస్ట్రియా, ఫిన్లాండు, ఫ్రాన్సు, జర్మనీ, స్విట్జర్లాండు దేశముల వారు కలిసి పల్లెలలోని సుమారు 1,100 మంది పిల్లలను తల్లి గర్భము నాటి నుండి కనిపెట్టి చూచుచు వచ్చిరి. పశువుల కొట్టములో తిరుగుచు పెరిగిన పిల్లలకు ఉబ్బసము తక్కువని మ్యూనిక్ వైద్యురాలు ఎరికా ఫాన్ మూటియస్ మొదలైనవారు చెప్పిరి. అమెరికాలో 2016లో వెలువడిన మరియొక పరిశోధన ఇంకను ఆసక్తికరము. అమిష్, హట్టరైట్ అను రెండు శాఖల రైతులు ఐరోపా నుండి వలస పోయినవారే, జీవన విధానము చాలవరకు ఒకటే. అమిష్ వారు ఇంటింట ఆవులను, గుర్రములను పెట్టుకొని సేద్యము చేయుదురు. హట్టరైట్ల పెద్ద కొట్టములు యంత్రములతో నడచును, పసిపిల్లలు అటు పోరు. ఉబ్బసము అమిష్ పిల్లలలో నూటికి 5 మందికి, హట్టరైట్ పిల్లలలో నూటికి 21 మందికి కలదు. కొట్టపు సూక్ష్మజీవులతో చిన్ననాడే పరిచయమైన శరీరము కావలివాని వలె తొందరపడదని వారి ఊహ.

ఇది చదివి పిల్లలకు పచ్చిపాలు త్రాగింపరాదు. పచ్చిపాల వలన క్షయ, బ్రూసెల్లోసిస్ వంటి వ్యాధులు సోకగలవు. కాచియే త్రాగవలెను. పిడకల పొగను కూడ కొట్టపు మేలులో కలుపరాదు.

మన తెలుగునాట కూడ ఓపికతో సాగిన పని ఒకటి కలదు. 1987–90లో హైదరాబాదు సమీపమున 29 గ్రామములలో గర్భిణులకు, పసివారికి అదనపు ఆహారము అందిన తీరును జాతీయ పోషకాహార సంస్థ వారు పరిశీలించిరి. ఆ పిల్లలు పెద్దవారైన తరువాత బ్రిటను శాస్త్రజ్ఞులతో కలిసి మరల పరీక్షించిరి. ముఖ్యోద్దేశము గుండె జబ్బులే అయినను, 2015 నుండి స్పెయిను వారి సహకారముతో వంటపొగను, గాలిలోని ధూళిని కూడ కొలిచిరి. అంతకాలము ప్రశ్నలకు జవాబు చెప్పి, రక్తమిచ్చిన ఆ గ్రామస్థులు లేనిదే ఈ పని లేదు.

మృగశిర కార్తెకు హైదరాబాదు పోయి చేపమందు మ్రింగివచ్చు వారు మన వైపున కలరు. వారి నమ్మకమును నేను తూలనాడను. కాని అది ఉబ్బసమును తగ్గించునని శాస్త్ర పరీక్షలో రుజువు కాలేదు. వైద్యుడు ఇచ్చిన ఇన్‌హేలరును దాని కొరకు మానినచో ప్రాణమునకే ముప్పు.

ఇక చేయవలసినది. తొలకరి పడి నేల మెత్తగా నున్నప్పుడు, పూత రాకముందే మొక్కలను వేరుతో పీకవలెను. చేతులకు తొడుగులు లేనిచో గోనె గుడ్డ చుట్టుకొని, ముక్కుకు తువాలు కట్టుకొని, నిండు చేతుల చొక్కాతో దిగవలెను. పని ముగియగానే స్నానము చేసి బట్టలు ఉతుకవలెను. ఆయాసము, దురద గలవారిని, బడి పిల్లలను ఈ పనికి పెట్టరాదు. గ్రామ కార్యదర్శులు కూలీలను పిలుచునప్పుడే “ఎవరికైన పడదా?” అని అడుగవలెను. పూయని మొక్కలను గుంటలో వేసి ఎరువు చేయవచ్చును. పూసినవానిని ఎరువులో వేయరాదు, ఎండబెట్టి తగులబెట్టరాదు. పైరు లేని బంజరులో లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి ఆకులు తడియునట్లు చల్లవచ్చును. పొలములో చల్లినచో నేల చవుడగును. దారుల వెంబడి తగిరిస, తంగేడు విత్తనములు చల్లిన అవి దీనిని అణచును. వేరుశనగ వేయువారు చుట్టును నాలుగు వరుసల జొన్న చల్లుకొనవలెను.

పెంకుపురుగు వానకాలములోనే తినును, ఎండాకాలము మట్టిలో నిద్రించును. కనుక జూలై ఆగస్టులలో అది కనబడిన చోట మొక్కలను పీకక, కొన్ని పురుగులను ఆకులతో సహా చిల్లులు పొడిచిన డబ్బాలో తెచ్చి, మీ ఊరి బీటిలో విడువవచ్చును. ఆ బడి వెనుక స్థలములో మేము ఇప్పుడు చేయుచున్న పని అదియే. పిల్లలు దూరము నుండి పురుగులను లెక్కించి పుస్తకములో వ్రాయుచున్నారు, ఆయాసపు అబ్బాయి చేత మాత్రము తరగతి గదిలో కూర్చుండి కూడికలు వేయించుచున్నాము.