మేడమీది విమానానికీ వాన బెడదే

జూన్ రాగానే కామాఠీపురా చాళ్లలో మనవాళ్లు రేకులపై తాడ్‌పత్రి కప్పి రాళ్లు పెడతారు. గాలి జోరుగా వీస్తే పైన ఒత్తిడి తగ్గి రేకు లేస్తుంది మరి!

మన ముంబయిలోనే, కాందివలీలో, అమోల్ యాదవ్ అనే పైలట్ మేడమీద ఆరు సీట్ల విమానం కట్టారు; 2017లో దానికి రిజిస్ట్రేషన్ వచ్చింది. ఇలా సొంతంగా చిన్న విమానాలు కట్టుకునేవారికీ గాలీవానలతోనే తంటా. పైలట్ తలమీది అద్దపు మూతను ఎగిరేటప్పుడు గాలి పైకి లాగుతుంది. నేలమీద బిగువుగా ఉన్న రబ్బరు పట్టీ ఆకాశంలో సందు ఇస్తుంది. నొక్కితే అణిగి, వదిలితే ఉబ్బే బోలు పట్టీ అయితే మేలు. దానికి సుద్దపొడి రాసి మూత వేసి తీస్తే, పొడి అంటని చోటే సందు.

నీటి సంగతి వేరు. ఎంత మూసినా చుక్క దిగుతుంది. అది వైర్ల మీద పడితే ప్రాణాలకే ముప్పు. పట్టీ వెలుపల గాడి పెట్టి, నీరు పోయే రంధ్రం వదలాలి. తూమునూ సిమెంటుతో పూడ్చిన గదే మన చాళ్లలో ముందు కారేది!